మాటలున్న రికార్డింగ్ వేరే ఉందండి

అమెరికన్ జాజ్ సంగీతకారుడు చార్లెస్ మింగస్ చేసిన ‘ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్’ నిరసన పాట అన్నారు కానీ వింటే ఒక్క మాటా లేదు, దీన్ని క్లాసులో ఎలా వివరించాలి అని అడిగారు. మీరు విన్నది 1959లో కొలంబియా కంపెనీ వేసిన ‘మింగస్ ఆ ఉమ్’ ఆల్బమ్‌లోది. అందులో వాయిద్యాలే ఉంటాయి. మీకు కావలసింది 1960లో క్యాండిడ్ కంపెనీకి చేసిన రికార్డింగ్. పేరులో ‘ఒరిజినల్’ అనే మాట ఉంటుంది, అలా వెతకండి. అందులో మింగస్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) వాయిస్తూ ప్రశ్నలు అరుస్తాడు, డ్రమ్మర్ డానీ రిచ్‌మండ్ గవర్నర్ ఫాబస్ పేరుతో జవాబిస్తాడు. నాకైతే విన్న ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది.

పిల్లలకు ముందు 1957 చెప్పండి. అమెరికాలోని లిటిల్ రాక్‌లో 9 మంది నల్లజాతి విద్యార్థులు హైస్కూల్లో అడుగుపెట్టకుండా ఆర్కాన్సా గవర్నర్ ఓర్వల్ ఫాబస్ నేషనల్ గార్డ్ అనే రాష్ట్ర సైనిక దళాన్ని దించాడు. చివరికి ఆ విద్యార్థులను బడిలోకి చేర్చడానికి అధ్యక్షుడు ఐసెన్‌హవర్ సైన్యాన్ని పంపాల్సి వచ్చింది. మింగస్ కోపం అక్కడిదే. అతను చిన్నప్పుడు నేర్చుకున్నది చెల్లో, అంటే బేస్ కంటే చిన్నదైన తీగల వాయిద్యం. నల్లవాళ్ళకు శాస్త్రీయ ఆర్కెస్ట్రాల్లో చోటు దొరకని రోజులవి, అందుకే బేస్‌కు మారాడు.

తర్వాత మాటల్లేని రికార్డు మళ్ళీ వినిపించండి. మొదట్లో ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదుడు వాయిద్యం బరువుగా, వెక్కిరింపుగా నడుస్తుంది. ఎవరిని వెక్కిరిస్తోందో అప్పుడు పిల్లలే చెప్తారు.