ఎండాకాలంలో కుక్కతో షికారు: మీ ప్రశ్నలకు పశువైద్యుల జవాబులు

వేసవి మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉంటున్నాయి. కుక్కను ఎండాకాలమంతా ఇంట్లోనే కట్టి ఉంచాలా, బయటికి తీసుకెళితే ఏ వేళకు, ఎలా తీసుకెళ్లాలి అని పాఠకులు అడుగుతున్నారు. అందువల్ల ఈ సంచికను పూర్తిగా ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాకు ఆరేళ్ల మగ లాబ్రడార్ ఉంది. బరువు 42 కిలోలు. ఎండ తగ్గిన తర్వాతే, సాయంత్రం ఐదున్నరకు, కాలువ గట్టు వైపు తీసుకెళ్లి బంతి ఆడిస్తాం. మొన్న అలా ఆడుతూ ఆడుతూ రొప్పుకుంటూ కూలబడింది. లేచి నడవడానికి చాలాసేపు పట్టింది. నేరుగా ఎండ తగలకపోయినా ఇలా ఎందుకు జరిగింది? ఇక బయటికి తీసుకెళ్లకూడదా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: తీసుకెళ్లవచ్చు, తీసుకెళ్లాలి కూడా. అయితే వేళ మారాలి, ఆట మారాలి.

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, అది ఆరేటప్పుడు ఒంట్లో వేడి తగ్గుతుంది. కుక్కకు అటువంటి చెమట దాదాపుగా అరికాళ్ల మెత్తలకే పరిమితం, దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. అది వేడిని వదిలించుకునేది ముఖ్యంగా రొప్పడం ద్వారానే. నాలుక మీద, నోటిలో, ముక్కు లోపలి పొరల మీద ఉండే తడి, వేగంగా వచ్చిపోయే గాలికి ఆవిరవుతూ రక్తంలోని వేడిని వెంట తీసుకుపోతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆ తడి సరిగా ఆవిరి కాదు. కాబట్టి కోస్తాలో ఉక్కపోతగా ఉన్న సాయంత్రం, ఎండ కనబడకపోయినా, కుక్కకు పొడి ఎండకంటే కష్టంగా ఉండవచ్చు. పైగా మే నెలలో సాయంత్రం ఐదున్నరకు విజయవాడలో సూర్యాస్తమయానికి ఇంకా గంట సమయం ఉంటుంది. పగలంతా కాగిన తారు, సిమెంటు ఆ వేళకు తమలోని వేడిని పైకి వదులుతుంటాయి. మన ముఖం నేలకు ఐదడుగుల ఎత్తున ఉంటుంది కాబట్టి మనకు చల్లగాలి వీస్తున్నట్టే అనిపిస్తుంది, కానీ కుక్క పొట్ట నేలకు మూరెడు ఎత్తులో కూడా ఉండదు.

ఇక బంతి ఆట. లాబ్రడార్ మీరు విసిరినంతసేపూ పరుగెత్తుతూనే ఉంటుంది, ఒళ్లు కాగిపోతున్నా యజమాని చేతిలో బంతి కనిపిస్తే ఆగదు. బ్రిటన్‌లో నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయం, రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు కలిసి చేసిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. అక్కడి పశువైద్యశాలల్లో కారణం తెలిసిన వడదెబ్బ కేసుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు పరుగు, నడక, ఆట వంటి శ్రమ వల్ల వచ్చినవేనని, మూసిన కార్లలో ఉండిపోయి వచ్చినవి వాటికంటే ఎంతో తక్కువని అందులో తేలింది. బ్రిటన్ వంటి చల్లని దేశంలోనే పరిస్థితి అలా ఉంటే, మన ఎండల్లో ఆట ఎప్పుడు ఆపాలో కుక్కకు వదిలేయకుండా మీరే నిర్ణయించాలి.

తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి ఆరున్నరలోపు ఇంటికి చేరండి. నేల రాత్రంతా చల్లారి ఉంటుంది కనుక రోజు మొత్తంలో అదే మేలైన వేళ. సాయంత్రం తప్పనిసరైతే చీకటి పడ్డాక వెళ్లండి, అయినా ముందు మీ అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోలేని వేడిని ఆ పాదాలూ ఓర్చుకోలేవు. బంతి బదులు గడ్డి మీద, చెట్ల కింద దాని ఇష్టానికి వాసన చూస్తూ తిరగనివ్వండి. ఒక చెట్టు మొదట్లో పది నిమిషాలు ముక్కు పెట్టి నిలబడినా దాన్ని లాగేయకండి. కుక్కకు అది కూడా వ్యాయామమే, ఒళ్లు వేడెక్కకుండా మనసు నిండే వ్యాయామం.

మరో రెండు మాటలు చెప్పాలి. మగ లాబ్రడార్ మామూలుగా 29 నుంచి 36 కిలోల మధ్య ఉంటుంది. మీదానికి ఉన్న అదనపు కొవ్వు ఒంట్లోని వేడిని బయటికి పోనివ్వదు. అలాగే ఈ జాతిలో వయసు పెరిగే కొద్దీ కంఠనాళపు కండరాలు పట్టు తప్పడం కనిపిస్తుంది. మొరిగే గొంతు బొంగురుపోయినా, ఊపిరి తీసుకునేటప్పుడు గరగరమన్నా ఆలస్యం చేయకుండా గొంతు, గుండె పరీక్ష చేయించండి. కూలబడిన కుక్కను ఆ పరీక్ష లేకుండా మళ్లీ ఆడించవద్దు.

ప్రశ్న: మా పగ్ రోజంతా ఏసీ గదిలోనే ఉంటుంది. డాబా మీదికి వెళ్లిన కాసేపటికే గురగురమంటూ నాలుక వేలాడేస్తుంది. అది మామూలు రొప్పా, వడదెబ్బా అని ఎలా తెలుసుకోవాలి? వడదెబ్బ అయితే వెంటనే ఏం చేయాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పగ్, బుల్‌డాగ్, షిట్జూ వంటి చప్పిడి ముక్కు జాతులకు ముక్కు రంధ్రాలు ఇరుకు, అంగిలి వెనుక మెత్తని కండ పొడవు. వేడిని వదిలించుకోవడానికి ఉన్న ఒక్క దారే సగం మూసుకుని ఉంటుందన్నమాట. కాబట్టి మీ పగ్ విషయంలో ఎప్పుడూ అనుమానం వైపే మొగ్గు చూపడం మంచిది.

మామూలుగా రొప్పే కుక్క నీడకు చేర్చి నీళ్లు పెడితే కొద్ది నిమిషాల్లో నోరు మూస్తుంది. పిలిస్తే చూస్తుంది. వడదెబ్బలో రొప్పు తగ్గదు, నాలుక ముదురు ఎరుపుకు, తర్వాత నీలానికి తిరుగుతుంది, చొంగ తీగలా సాగుతుంది, నడక తూలుతుంది, వాంతులు, రక్తంతో కూడిన విరేచనాలు కావచ్చు, ఆపైన స్పృహ తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. కుక్కకు ఒక థర్మామీటరు విడిగా ఉంచుకుని, ఆసనం ద్వారా ఎలా చూడాలో మీ డాక్టరు దగ్గర ఒకసారి నేర్చుకోండి. మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ డిగ్రీలు. ఆట తర్వాత కొంత పెరిగి త్వరగా దిగుతుంది. 104 దాటి దిగకపోతే ప్రమాదం, 106 చేరితే ప్రాణాపాయం.

ముందు చల్లబరచండి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయలుదేరండి. ఈ వరుస తారుమారైతే ట్రాఫిక్‌లో గడిచిన ప్రతి నిమిషం లోపలి అవయవాలను ఉడికిస్తుంది. నీడలో పడుకోబెట్టి, మెడ నుంచి తోక దాకా, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలి భాగం తడిసేటట్టు మగ్గులతో నీళ్లు ధారగా పోస్తూ, ఎదురుగా ఫ్యాను పూర్తి వేగంతో పెట్టండి. కుళాయి నీళ్లు చాలు, అవి కుక్క ఒంటికంటే చల్లగా ఉంటే సరిపోతుంది. మధ్యాహ్నం ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు మాత్రం కాగి ఉంటాయి, వాటిని వాడకండి. వయసులో ఉన్న, ఏ జబ్బూ లేని కుక్కనైతే తల పైకి పట్టుకుని చల్లని నీళ్ల టబ్బులో మెడ దాకా ముంచవచ్చు, అది ఇంకా త్వరగా పనిచేస్తుంది. ఊపిరి ఇబ్బంది ఉన్న పగ్‌కు ధార, ఫ్యానే క్షేమం. ముఖం మీద నీళ్లు గుమ్మరించవద్దు, స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్లు అసలే పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడి తువ్వాలు ఒంటి మీద కప్పి వదిలేయడం చాలామంది చేసే పని, కానీ కాసేపటికి ఆ తువ్వాలే వెచ్చబడి వేడిని లోపలే నిలిపేస్తుంది. 103కు దిగాక ధార ఆపి, కారులో ఏసీ వేసుకుని బయలుదేరండి.

జ్వరం మాత్రలు ఇవ్వకండి. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచి ఉంచుతుంది, మాత్ర దాన్ని దించుతుంది. వడదెబ్బలో వేడి బయటి నుంచి, శ్రమ నుంచి వచ్చినది, మాత్రకు లొంగదు. పైగా ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మన మాత్రలు కుక్క కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కుక్క లేచి తోక ఊపినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఎందుకంటే మూత్రపిండాల దెబ్బ, రక్తం గడ్డకట్టే గుణం చెడిపోవడం తర్వాతి రెండు మూడు రోజుల్లో బయటపడవచ్చు.

ప్రశ్న: ప్రతి ఆదివారం మా కుక్కను సముద్రంలో ఆడిస్తాం. ఇంటికి వచ్చాక తరచు వాంతులు, విరేచనాలు అవుతున్నాయి. నీళ్లు పడటం లేదా?
– విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: దాహం వేసి, బంతితోపాటు మింగి, అది ఉప్పునీళ్లు తాగుతోంది. కొద్దిగా తాగితే విరేచనాలతో పోతుంది, ఎక్కువ తాగితే రక్తంలో ఉప్పు పెరిగి తూలడం, ఫిట్స్ దాకా వస్తుంది. ఇంటి నుంచి మంచినీళ్లు, గిన్నె తీసుకెళ్లి, పావుగంటకొకసారి ఒడ్డుకు పిలిచి తాగించండి. రుషికొండలోనైనా, ఆర్.కె. బీచ్‌లోనైనా అలలు లోపలికి లాగే తీరు మీకు తెలిసిందే. పొడుగు తాడు విప్పకండి, మోకాళ్ల లోతు దాటనివ్వకండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేపలు, జెల్లీ చేపలు, తెగిన వల ముక్కలు, గాలపు కొక్కేలు కుక్క నోటికి చేరకుండా చూడాలి. తిరిగి వచ్చాక మంచినీళ్లతో కడిగి, చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో పొడిగుడ్డతో తుడవండి. తడి నిలిచిన చెవికి చీము పట్టడం వేసవిలో మేం రోజూ చూసే సమస్య.

ప్రశ్న: మా పామరేనియన్‌కు వేసవిలో గుండు చేయిస్తే హాయిగా ఉంటుందని ఇరుగుపొరుగు అంటున్నారు. చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దు. పామరేనియన్‌కు పైన పొడుగు వెంట్రుక, లోపల మెత్తటి నూగు అని రెండు పొరలు ఉంటాయి. పై పొర ఎండ నేరుగా చర్మాన్ని తాకకుండా కాపాడుతుంది. గొరిగిస్తే చర్మం కమిలిపోతుంది, ఈ జాతిలో కొన్నింటికి ఆ జుట్టు మళ్లీ సరిగా మొలవదు కూడా. రోజూ దువ్వి రాలిన నూగును తీసేస్తే గాలి ఆడుతుంది. పొట్ట కింద, పాదాల మధ్య కొద్దిగా కత్తిరించుకోవచ్చు.

ప్రశ్న: చలవ చేస్తుందని మజ్జిగ, మామిడిపండు పెడుతున్నాం. మంచిదేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేయని పలుచని మజ్జిగ కొద్దిగా పోయవచ్చు, పాలు పడని కుక్కకు అదీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను నాశనం చేస్తాయి కాబట్టి మనం తాగగా మిగిలిన మసాలా మజ్జిగ పోయకండి. మామిడిపండు తొక్క తీసి రెండు ముక్కలు పెట్టవచ్చు. టెంక మాత్రం దాని కంట పడనివ్వకండి. రసం రుచికి చప్పరిస్తూ చప్పరిస్తూ మింగేస్తుంది, అది పేగులో అడ్డుపడితే ఆపరేషన్ తప్ప దారి ఉండదు. మామిళ్ల కాలంలో చెత్తబుట్టకు గట్టి మూత ఉండాలి. గింజలు తీసిన పుచ్చకాయ ఎర్రటి గుజ్జు నిరపాయం. ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం ఎంత తక్కువైనా మూత్రపిండాలకు ముప్పు.

ప్రశ్న: సెలవులకు కుటుంబమంతా అరకు వెళుతున్నాం. మా బీగిల్‌ను కూడా తీసుకెళ్లాలని పిల్లలు పట్టుబడుతున్నారు. రైలు మేలా, కారు మేలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పిల్లల మాట వినండి. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడి ఉదయపు నడక కుక్కకూ పండుగే. రైలులో కుక్కను మీతో ఉంచుకోవాలంటే ఏసీ మొదటి తరగతిలో కూపే లేదా క్యాబిన్ మొత్తం మీ పేరున ఉండాలి. లేకపోతే గార్డు పెట్టెలోని డబ్బాలో పంపాలి. వేసవి పగలు ఆ డబ్బాలో ప్రయాణాన్ని నేను ఏ కుక్కకూ సిఫారసు చేయను. కారులో అయితే రాత్రి చివరి జాములో బయలుదేరి, రెండు గంటలకొకసారి నీడలో ఆపండి. దారిలో టిఫిన్‌కు దిగినప్పుడు అద్దాలు కాస్త దించి కుక్కను లోపల వదలడం ప్రమాదకరం. నిలిపిన కారులో పది నిమిషాల్లోనే పది సెల్సియస్ డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది, దించిన అద్దం దాన్ని పెద్దగా ఆపదు. ఒకరు కుక్కతో చెట్టు కింద ఉంటే మిగతావారు తినిరండి. అక్కడి తోటల్లో, గడ్డిలో తిరిగి వచ్చాక చెవులు, వేళ్ల సందులు పిడుదుల కోసం వెతకండి.

ప్రశ్న: మా పొలం దగ్గర నాటు కుక్క కాపలా ఉంటుంది. ఊరకుక్కకు వడదెబ్బేమిటని మా నాన్నగారు అంటారు. ఈ జాగ్రత్తలు దానికీ అవసరమా?
– యువ రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ నాన్నగారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పొట్టి వెంట్రుకలు, పొడుగు మూతి, సన్నని ఒళ్లు ఉన్న నాటు కుక్క మన ఎండకు అలవాటు పడినదే. అయితే అది తట్టుకుంటున్నది స్వేచ్ఛగా తిరగడం వల్ల. ఎండెక్కగానే అది గట్టు చాటునో, కాలువ బోదెలోనో చల్లటి మట్టి తవ్వుకుని పడుకుంటుంది. గొలుసుతో రేకుల పాక కింద కట్టేస్తే ఆ తెలివి దానికి ఉపయోగపడదు. రేకు కింద గాలి బయటికంటే ఎక్కువ కాగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కట్టేసిన నాటు కుక్కలు వడదెబ్బతో చనిపోవడం మేం చూస్తూనే ఉన్నాం.

పగటి పూట వదిలే ఉంచండి. కట్టక తప్పకపోతే వేప, కానుగ వంటి చెట్టు కింద, నీడ తిరిగే కొద్దీ అదీ జరగగలిగేంత పొడుగు తాడుతో కట్టండి. వెడల్పాటి మట్టి తొట్టెలో నీళ్లు పోసి, తన్నినా ఒరగకుండా సగం భూమిలో పాతండి. రెండో తొట్టె ఇంకో చోట పెట్టండి, ఒకటి ఎండినా మరొకటి ఉంటుంది. పురుగుమందు కలిపిన డబ్బాల్లో, బకెట్లలో నీళ్లు మిగల్చకండి, దాహం వేసిన కుక్క వాటిలోనే మూతి పెడుతుంది.

ఈ కాలంలో పిడుదులను కూడా పట్టించుకోవాలి. వేడికి అవి వేగంగా పెరుగుతాయి, కుక్క ఒంటి మీద కంటే పాక గోడల పగుళ్లలో, గోనెసంచుల కింద ఎక్కువగా దాక్కుంటాయి. అందుకే కుక్కకు ఒక్కదానికే మందు వేస్తే సరిపోదు, గోడల పగుళ్లు పూడ్చి సున్నం కొట్టించండి. కుక్క తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు వెంట రక్తం వచ్చినా, మూత్రం కాఫీ రంగుకు తిరిగినా అది ఎండ బడలిక అనుకుని ఊరుకోకండి. పిడుదు జ్వరానికి ఎర్లిఖియా, బబీసియా అనే రెండు రకాల సూక్ష్మక్రిములు కారణమవుతాయి, రెంటికీ మందులు వేరు. దగ్గరలోని పశువైద్యశాలలో రక్తపు చుక్కను పరీక్ష చేయించి, ఏదో తేల్చుకున్న తర్వాతే వైద్యం మొదలుపెట్టించండి.