కంప్యూటర్ సందేహాలు: పాత ప్రాసెసర్‌కి మే నెల పరీక్ష

ప్రశ్న: మాది బల్లార్షా. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాం. ఇంటెల్ ఐ5-2500కె ప్రాసెసర్, పీ67 చిప్‌సెట్ బోర్డు, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చిన ఫ్యానే ఇప్పటికీ వాడుతున్నాం. దీని వేగాన్ని 4.5 గిగాహెర్ట్జ్‌కి ఎక్కించాలని (ఓవర్‌క్లాక్ చేయాలని) ఉంది. ఏ కూలర్ కొనాలి? బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఏమేం మార్చాలి? ఇక్కడ ఎండలు మీకు తెలిసినవే. గదిలో ఉన్న పెద్ద కూలర్‌నే క్యాబినెట్ వైపు తిప్పేస్తే పనైపోదా?

జవాబు: ఆ పెద్ద కూలర్ సంగతి ముందు తేల్చుకుందాం. చంద్రపూర్ జిల్లాలో కూలర్ అంటే కిటికీకి తగిలించిన నీళ్ల కూలరే గదా! దాన్ని నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పకండి. ఆ గాలిలో తడితో పాటు నీళ్లలోని ఉప్పులు, గడ్డి ప్యాడ్ నలుసులు కూడా వస్తాయి. మీ గనుల ప్రాంతపు బొగ్గు దుమ్ముతో కలిసి అవి బోర్డు మీద పొరలా పేరుకుంటాయి. కొన్నాళ్లకు ర్యామ్ స్లాట్లు, ఫ్యాన్ కనెక్టర్లు పచ్చబడతాయి. కూలర్ గదిని చల్లబరిస్తే చాలు. దానికి ఎదురు తలుపు కొంచెం తెరిచి ఉంచండి, లేకపోతే తేమ గదిలోనే ఉండిపోతుంది. క్యాబినెట్‌ను ఆ గాలి దారిలోంచి పక్కకు జరపండి.

ఇక అసలు విషయం. ప్రాసెసర్ కూలర్ ఎంత ఖరీదైనదైనా చిప్‌ను గది గాలి కన్నా చల్లగా చేయలేదు. గాలి కన్నా ఎన్ని డిగ్రీలు పైన ఆపగలదనేదే దాని సత్తా. నాలుగు హీట్ పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ (హైపర్ 212, గామాక్స్ 400 తరగతివి) వేస్తే, మీ చిప్ 4.2 గిగాహెర్ట్జ్ దగ్గర పూర్తి లోడ్‌లో (అన్ని కోర్లూ పూర్తిగా పనిచేసేటప్పుడు) చుట్టూ గాలి కన్నా దాదాపు 35 డిగ్రీలు పైన ఉంటుంది. 4.5 దగ్గర ఆ తేడా 45కి చేరుతుంది. మే నెల మధ్యాహ్నం గది 40 అనుకుందాం. క్యాబినెట్ లోపల ఇంకో అయిదు కలపండి. అంటే 4.2కి 80, 4.5కి 90. ఈ చిప్ 98 దగ్గర తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది. ఆ హద్దుకు ముందే వేడికి చిప్ నిలకడ తగ్గుతుంది. డిసెంబరులో హాయిగా నడిచిన 4.5 మేలో రెండర్ (వీడియోను తుది ఫైలుగా తయారుచేయడం) మధ్యలో విండోస్ ఆగిపోయి నీలం తెర చూపించేది అందుకే.

వేడి వేగంతో పాటు సమానంగా పెరగదు. అది వేగాన్ని వోల్టేజీ వర్గంతో హెచ్చించిన లెక్క. నాలుగు కోర్లూ పనిచేసేటప్పుడు మీ చిప్ మామూలు వేగం 3.4. అక్కడ 1.18 వోల్టులు తీసుకుంటుందనుకోండి. 4.2కి 1.24 వోల్టులు పెడితే వేడి 36 శాతం పెరుగుతుంది. 4.5కి 1.34 పెడితే 70 శాతం పెరుగుతుంది. 4.2 నుంచి 4.5కి వెళ్లడం వల్ల దక్కే వేగం 7 శాతం, మోయాల్సిన వేడి పాతిక శాతం. మీ ఊరికి 4.2 చాలు. ఏసీ గది ఉంటే 4.4 చూడండి.

కొనేముందు రెండు కొలతలు తీసుకోండి. ఒకటి ఎత్తు. హైపర్ 212 ఈవో ఎత్తు 159 మిల్లీమీటర్లు. పాత సన్నపాటి క్యాబినెట్లలో ప్రాసెసర్ పైభాగం నుంచి పక్క తలుపు దాకా అంత చోటు ఉండదు. పక్క తలుపు తీసి, ఒక స్కేలు నిలబెట్టి చూసుకోండి. రెండోది బోర్డు మీద కూలర్ బిగించే రంధ్రాల మధ్య దూరం. మీ సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) 1155కి అది 75 మిల్లీమీటర్లు. 1150, 1151, 1200 సాకెట్లకూ అంతే కాబట్టి వాటి బ్రాకెట్ సరిపోతుంది. 1700 సాకెట్‌ది 78. ఇప్పుడు కొన్ని కూలర్లు 1700, ఏఎండీ వారి ఏఎం5 సాకెట్ల బ్రాకెట్లతోనే వస్తున్నాయి. నాగపూర్ సీతాబర్డీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా డబ్బా మీద 115ఎక్స్ (1150, 1151, 1155లన్నిటికీ కలిపి రాసే పేరు) అని రాసుందో లేదో చూసి తీసుకోండి.

వెనక ప్లేటు పెట్టే రకం కూలరైతే, బిగించేటప్పుడు చాలా క్యాబినెట్లలో బోర్డును బయటికి తీయాల్సి వస్తుంది. చిప్ నుంచి కూలర్‌కి వేడిని దాటించే పేస్టు ఎండిపోయి ఉంటుంది, ఆ పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. కొత్త పేస్టు కందిగింజంత చాలు. హీట్ పైపులు నేరుగా చిప్‌కి తగిలే రకం కూలరైతే పైపుల మధ్య గాడులుంటాయి. ముందు వాటిని పల్చగా నింపి, ఆ తర్వాతే కందిగింజంత పెట్టండి. నాలుగు స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించి రెండో మూలకు వెళితే కూలర్ వాలుతుంది, ఒక కోర్ మిగతా వాటికన్నా పది డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది.

బయోస్‌లో ముందు డీఫాల్ట్ లోడ్ చేయండి. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉండనివ్వండి. ఈ తరం చిప్‌లలో హార్డ్ డిస్క్ తగిలే సాటా, కార్డులు తగిలే పీసీఐ క్లాకులు కూడా దాని నుంచే వస్తాయి. దాన్ని నాలుగైదు శాతం కదిపినా హార్డ్ డిస్క్‌లో డేటా చెడిపోవచ్చు. మార్చాల్సింది టర్బో మల్టిప్లయర్, అంటే బేస్ క్లాక్‌ను ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె (40 అంటే 4.0 గిగాహెర్ట్జ్). అన్ని కోర్లకూ 40 పెట్టి, వోల్టేజీ మాన్యువల్‌లో 1.20 ఇవ్వండి. ఆటోలో వదిలితే బోర్డు అవసరం కన్నా ఎక్కువే గుమ్మరిస్తుంది. దీర్ఘకాల పవర్ లిమిట్ 95 వాట్లుంటే 130 చేయండి, లేకపోతే లోడ్ పడగానే వేగం జారిపోతుంది. లోడ్ పడినప్పుడు వోల్టేజీ జారకుండా చూసే లోడ్ లైన్ కాలిబ్రేషన్ మధ్య స్థాయిలో ఉంచండి. ఆఖరి స్థాయిలో పెడితే లోడ్ తగ్గిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగురుతుంది. పనిలేనప్పుడు వేగం తగ్గించే సీ1ఈ, స్పీడ్‌స్టెప్ ఆపవద్దు. అప్పుడు చిప్ 1.6 గిగాహెర్ట్జ్‌కి దిగితే మీకే లాభం. పీఎల్‌ఎల్ ఓవర్‌వోల్టేజీ ఆపేయండి. అది బాగా ఎత్తు మల్టిప్లయర్లకు పనికొచ్చేది, దాంతో స్లీప్ నుంచి లేవకపోవడం ఈ తరం బోర్డుల్లో మామూలు. ర్యామ్ 1.5 వోల్టుల దగ్గరే ఉండాలి.

ప్రాసెసర్‌ను పూర్తిగా శ్రమపెట్టే ప్రైమ్95 ప్రోగ్రామ్‌లో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్ష అరగంట నడపండి. పక్కనే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో కోర్ ఉష్ణోగ్రతలు చూడండి. నిలబడితే మల్టిప్లయర్ 41, తర్వాత 42 చేయండి. తెర నీలమై 124 కోడ్ వస్తే 0.01 వోల్టు పెంచి మళ్లీ చూడండి. వేసవికి 1.30 దాటొద్దు. తెర నీలం కాకపోయినా విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ హెచ్చరికలుంటే అది నిలకడ కాదు, చిప్ తప్పులు చేసి దిద్దుకుంటోందని అర్థం. చివరగా మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే గంట రెండర్ చేయండి, మధ్యాహ్నం రెండింటికి. పరీక్షలు పూర్తయ్యేదాకా ఎవరి పెళ్లి ఫుటేజీ అయినా, ఉన్న ఒక్క కాపీనీ ఈ మెషిన్‌లోనే ఉంచడం తప్పు.

క్యాబినెట్ ముందు ఒకటి గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి పంపేలా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పెట్టండి. ముందు ఫ్యాన్‌కి దోమల మెష్ కట్టి, పదిహేను రోజులకోసారి దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి. వదిలేస్తే అది గిర్రున తిరిగి డైనమోలా బోర్డులోకి కరెంటు పంపుతుంది.

ప్రశ్న: రాయగడ నుంచి రాస్తున్నాను. ఏఎండీ ఎఫ్‌ఎక్స్-8350, 760జీ చిప్‌సెట్ చవక బోర్డు. ఓవర్‌క్లాక్ కోసం విశాఖ నుంచి మంచి టవర్ కూలర్ తెచ్చి వేశాను. ప్రాసెసర్ 50 డిగ్రీలు దాటడం లేదు గానీ, గేమ్ మొదలైన అయిదు నిమిషాలకి వేగం 1.4 గిగాహెర్ట్జ్‌కి పడిపోతోంది. పాత ఫ్యాన్‌తో ఇలా ఉండేది కాదు. కూలర్ లోపమా?

జవాబు: కూలర్ లోపం కాదు, అది బాగా పనిచేయడం వల్లే వచ్చిన తంటా. పాత ఫ్యాన్ గాలిని కిందికి కొట్టేది. ఆ గాలి ప్రాసెసర్ పక్కనున్న వోల్టేజీ రెగ్యులేటర్ మాస్‌ఫెట్లకీ (ప్రాసెసర్‌కి కరెంటు అందించే చిన్న భాగాలకీ) తగిలేది. టవర్ కూలర్ గాలిని వెనక్కి పంపుతుంది, కాబట్టి ఆ మాస్‌ఫెట్ల దగ్గర గాలి ఆగిపోయింది. ఇలాంటి చవక బోర్డుల్లో సాధారణంగా అవి 4+1 ఫేజులే (కరెంటు భారాన్ని పంచుకునే వరసలు), చాలావాటిలో పైన వేడిని లాగే హీట్‌సింక్ కూడా ఉండదు. 125 వాట్ల చిప్‌ను మోయలేక అవి మరిగి, బోర్డు ప్రాసెసర్‌ను కనిష్ఠ వేగానికి దించేస్తోంది.

80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి తీసుకుని, మాస్‌ఫెట్ల మీదికి గాలి పోయేలా జిప్ టైలతో కట్టండి. వాటి మీద థర్మల్ టేపుతో చిన్న అల్యూమినియం హీట్‌సింకులు అతికించండి. హీట్‌సింక్ ఆ మాస్‌ఫెట్ల లోహపు కాళ్లకు తగలకుండా చూసుకోవాలి సుమా! ఆ తర్వాత వోల్టేజీని 0.0125 వోల్టు చొప్పున తగ్గిస్తూ రండి. చాలా 8350లు కంపెనీ ఇచ్చిన దానికన్నా తక్కువలోనే 4.0 దగ్గర నిలుస్తాయి. ఈ బోర్డు మీద మీకు దక్కేది అదే. వేగం పెంచే ఆశ ఈ బోర్డుతో వద్దు. దానికి 970 లేదా 990ఎఫ్‌ఎక్స్ చిప్‌సెట్ ఉండి, రెగ్యులేటర్ మీద సరైన హీట్‌సింక్ ఉన్న బోర్డు కావాలి.

మరో మాట. ఎఫ్‌ఎక్స్‌లు పనిలేనప్పుడు గది కన్నా తక్కువ ఉష్ణోగ్రత చూపిస్తాయి. ఆ అంకెలు నమ్మకండి. లోడ్‌లో 60 దాటనివ్వకపోతే చాలు.

ప్రశ్న: జయపురంలో డీటీపీ సెంటర్. ఐ5-2400, హెచ్61 బోర్డు. ఎంతవరకు ఓవర్‌క్లాక్ చేయొచ్చు?

జవాబు: కుదరదు. ప్రాసెసర్ కె రకం (మల్టిప్లయర్ స్వేచ్ఛగా పెంచుకోగలిగేది) కాదు, హెచ్61లో మల్టిప్లయర్ పెంచే వీలూ లేదు. కూలర్‌కి పెట్టే డబ్బుతో ఎస్‌ఎస్‌డీ కొనండి, పేజీలు తెరుచుకోవడంలో తేడా మీకే తెలుస్తుంది. ఇంకా చాలకపోతే సెకండ్ హ్యాండ్‌లో ఐ7-3770 వెతకండి. 77 వాట్లే కాబట్టి పాత ఫ్యానే దాన్ని చల్లబరుస్తుంది. కాకపోతే మీ బోర్డు బయోస్ మూడో తరం చిప్‌లను గుర్తిస్తుందో లేదో ముందు చూడండి. అవసరమైతే పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. అది నడుస్తుండగా కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే. యూపీఎస్ బ్యాటరీ బాగున్న రోజునే ఆ పని పెట్టుకోండి.

ప్రశ్న: పర్లాకిమిడి. కోర్ 2 క్వాడ్ క్యూ6600ని 3.0కి ఎక్కించాను, బాగానే నడుస్తోంది. కానీ రాత్రి మెయిన్ స్విచ్ ఆపి, పొద్దున వేస్తే మళ్లీ 2.4కి వచ్చేస్తోంది. తేదీ కూడా మారిపోతోంది.

జవాబు: తేదీ మారుతోందంటే, కరెంటు లేనప్పుడు తేదీనీ బయోస్ సెట్టింగులనూ కాపాడే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 కొత్తది వేయండి. మీటరు ఉంటే పాతదాన్ని కొలవండి. మూడు వోల్టుల బ్యాటరీ 2.7కి దిగితే ఇక పనికిరాదు. మార్చాక ఎఫ్‌ఎస్‌బీ (ఈ పాత తరంలో బేస్ క్లాక్ లాంటిది) 333, మల్టిప్లయర్ 9 మళ్లీ ఇచ్చి, ర్యామ్ నిష్పత్తిని కూడా సరిచూసుకోండి. ఎఫ్‌ఎస్‌బీకీ ర్యామ్‌కీ ఒకటికి ఒకటి పెడితే డీడీఆర్2 ర్యామ్ 667 దగ్గర నడుస్తుంది, మీ దగ్గరున్నది 800 రకమైతే దానికి ఏ ఇబ్బందీ లేదు. కూలర్ మార్చాలనుకుంటే మాత్రం మీ 775 సాకెట్ రంధ్రాల దూరం 72 మిల్లీమీటర్లు. 1155 బ్రాకెట్ దానికి పట్టదు.