ఇంటి వెనక చిత్తడి నేలను పూడ్చే పర్మిట్‌పై అమెరికాలో అభ్యంతరం చెప్పవచ్చా?

ఇంటి వెనక చిత్తడి నేలను పూడ్చి కాలనీ కడతారంటూ నోటీసు వచ్చిందని అడిగారు. తప్పకుండా రాయండి. పౌరసత్వంతో పనిలేదు.

1972 క్లీన్ వాటర్ యాక్ట్ 404వ సెక్షన్ ప్రకారం చిత్తడి నేలలో మట్టి పోయాలంటే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (అమెరికా సైన్యంలోని ఇంజినీరింగ్ విభాగం, క్లుప్తంగా కోర్) పర్మిట్ కావాలి. దరఖాస్తు పూర్తిగా అందాక 15 రోజుల్లో కోర్ పబ్లిక్ నోటీసు ఇస్తుంది. అభిప్రాయాలకు మామూలుగా 15 నుంచి 30 రోజుల గడువు ఉంటుంది, కాబట్టి ముందు ఆఖరి తేదీ చూసుకోండి.

"మాకిది ఇష్టం లేదు" అని వందమంది సంతకాలు పెట్టడం కన్నా, వానకు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో తేదీలతో, ఫొటోలతో చూపే ఒక్క ఉత్తరం బలమైనది. అన్నిటికన్నా గట్టి ప్రశ్న ఇంకొకటుంది: ఇదే పని తక్కువ నష్టంతో మరోచోట చేయలేరా? ఇళ్లకు నీటి ఒడ్డే అక్కర్లేదు కనుక, అలాంటి చోటు ఉందనే నిబంధనలు ముందుగా భావిస్తాయి. లేదని నిరూపించాల్సింది దరఖాస్తుదారే. చాలామంది ఈ మాట రాయకుండా వదిలేస్తారు, అదే నాకు బాధ.

బహిరంగ విచారణ కావాలంటే కారణాలు చెబుతూ గడువులోపే లిఖితపూర్వకంగా అడగాలి.

అర ఎకరం లోపు నష్టమైతే చాలాసార్లు నేషన్‌వైడ్ పర్మిట్ (చిన్న పనులకు దేశమంతటికీ ముందే ఇచ్చిన ఉమ్మడి అనుమతి) సరిపోతుంది, అప్పుడు విడిగా నోటీసు రాదు. పైగా 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన సాకెట్ తీర్పుతో, నదులూ వాగులతో ఉపరితలాన ఎడతెగకుండా కలిసిలేని చిత్తడి నేలలు ఫెడరల్ చట్టం పరిధి దాటిపోయాయి. మీది అలాంటిదైతే రాష్ట్ర పర్యావరణ శాఖను అడగండి.