ఫిట్స్ రావట్లేదని మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. ఆరేళ్లుగా ఫిట్స్ వస్తున్నాయి. ముందు కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టు అనిపించి, ఊరికే భయం వేస్తుందట. తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఎటో చూస్తూ నోరు చప్పరిస్తాడు, చొక్కా గుండీలు తడుముతాడు. పిలిస్తే పలకడు. ఎంఆర్‌ఐలో కుడివైపు హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకాలను చూసుకునే భాగం) కుంచించుకుపోయిందని రాశారు. రెండు మందులు వాడేవాడు. మూడు నెలలు ఫిట్స్ రాకపోయేసరికి ఒకటి తనే మానేశాడు, మళ్లీ మొదలయ్యాయి. మెదడు లోపల ఉండే థాలమస్‌లో కరెంట్ పెట్టే చికిత్సతో నయమవుతుందా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

డాక్టర్ సలహా: అమ్మా, థాలమస్ సంగతి చెబుతాను. ముందు ఆ మానేసిన మాత్ర సంగతి చూడాలి. ఆపి ఎన్ని రోజులైంది? డాక్టరుకు చెప్పారా? మీరు రాయలేదు. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఒక ఫిట్ తగ్గకముందే ఇంకొకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అలాగని పాత డోసు మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, కొన్ని మందులను కొద్దికొద్దిగానే పెంచాలి. మందు రాసిన డాక్టరును ఈరోజే అడగండి.

నా దగ్గరికి వచ్చేవాళ్లను మాత్రల స్ట్రిప్పులు కూడా తెమ్మంటాను. ‘రోజూ వేసుకుంటున్నా సార్’ అంటారు. పూటకొకటి చొప్పున నెలకు 60 అయిపోవాలి. కవర్లోంచి తీసి లెక్కపెడితే 20 మిగిలి ఉంటాయి! ఫిట్స్ రావడం లేదంటే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు.

మీరు రాసినదాన్ని బట్టి ఫిట్ హిప్పోక్యాంపస్, దాని పక్కనే ఉండి భయం లాంటి భావాలను చూసుకునే అమిగ్డాలా దగ్గర మొదలవుతుండొచ్చు. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఆ కడుపులో తన్నుకురావడం, ఆ భయం కూడా ఫిట్టే, అక్కడే మొదలైందన్నమాట. దీన్ని గ్యాస్ అనుకుని ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు మింగి వచ్చేవాళ్లున్నారు. మీ తమ్ముడిలాంటి కేసుల్లో థాలమస్ సాధారణంగా ఫిట్ పుట్టే చోటు కాదు, ఫిట్ మెదడంతా పాకే దారిలో ఉన్న జంక్షన్. అక్కడ ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంట్ ఇచ్చే ఆ చికిత్సకు (డీబీఎస్) అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. ఫిట్స్ తగ్గుతాయి కానీ, పూర్తిగా ఆగిపోయేది కొద్దిమందికే.

లోపం ఒకవైపే ఉంటే ముందు ఆలోచించాల్సింది ఆ భాగం తీసేసే సర్జరీ. కెనడాలో 80 మందిపై చేసి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నవారు సర్జరీకి పంపినవాళ్లలో 58 శాతం, మందులతోనే ఉన్నవాళ్లలో 8 శాతం. జ్ఞాపకశక్తి దెబ్బతినే రిస్క్ ఉంటుంది కాబట్టి వీడియో ఈఈజీ (వీడియో తీస్తూ మెదడు తరంగాలను నమోదు చేసే పరీక్ష), జ్ఞాపకశక్తి పరీక్షలు చేశాకే నిర్ణయిస్తారు. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరువనంతపురం శ్రీచిత్ర ఆసుపత్రిలో ఈ సదుపాయం ఉంది. అయితే తగిన మందులు రెండు సరైన డోసులో, క్రమం తప్పకుండా వాడినా ఆగకపోతేనే మొండి ఫిట్స్ అంటాం, అప్పుడే సర్జరీ మాట. ఒకటి మధ్యలో మానేస్తే ఆ లెక్క ఎలా తేలుతుంది?

ఈసారి ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చేతిలో తాళాలు పెట్టొద్దు, వీలైతే ఫోన్‌లో వీడియో తీయండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. వారంలోగా ఆ వీడియో, ఎంఆర్‌ఐ ఫిల్ములు, మిగిలిన మాత్రలు తీసుకుని న్యూరాలజిస్టును కలవండి. అప్పటిదాకా అతని బైక్ తాళం మీ దగ్గరే ఉంచుకోండి.