సేఫ్‌కి ఒక్క మాట వెతకకు అమ్మలూ

అమ్మలూ,

నువ్వు ఇంగ్లీషు నుంచి ఇటాలియన్‌లోకి అనువదించి పంపిన ప్యాకింగ్ మెషిన్ మాన్యువల్ రాత్రి కూర్చుని మొత్తం చదివాను. నీ ఇటాలియన్ వ్యాకరణం బాగా కుదిరింది, క్రియలు ఎక్కడా తప్పలేదు, నాకు చాలా సంతోషమేసింది. కానీ దాంతో పాటు నువ్వు పంపిన పట్టిక చూశాకే టెన్షన్ పట్టుకుంది. సేఫ్ అంటే సికూరో, సేఫ్టీ అంటే సికురెత్సా, సేఫ్‌లీ అంటే సికురమెంతే, సెక్యూర్ చెయ్యడమంటే అస్సికురారే, ఇలా ఒక్కో ఇంగ్లీషు మాటకి ఎదురుగా ఒక్కో ఇటాలియన్ మాట రాసుకుని, ఫైలంతా దాని ప్రకారమే మార్చుకుంటూ పోయావు. ముందు ఆ పట్టిక పక్కన పెట్టు.

ఈ మాటల పుట్టుక చూస్తే ఎందుకో తెలుస్తుంది. లాటిన్‌లో సాల్వుస్ అనే మాట నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి సేఫ్, సేవ్ వచ్చాయి. సెకూరుస్ అనే ఇంకో మాట నేరుగా వచ్చి సెక్యూర్ అయింది, అదే మాట ఫ్రెంచి వాళ్ళ నోట్లో అరిగి ష్యూర్ అయింది. సెకూరుస్ అంటే చింత లేనిది అని అర్థం. ఇటాలియన్‌లో ఆ సెకూరుస్‌కి పుట్టిన సికూరో ఒక్కటే సేఫ్, సెక్యూర్, ష్యూర్ మూడు చాకిరీలూ చేస్తుంది, సేఫ్టీకీ సెక్యూరిటీకీ కలిపి సికురెత్సా ఒక్కటే ఉంది. అందుకే సికూరో అని రాయగానే పని అయిపోయినట్టు అనిపిస్తుంది, కానీ చదివేవాడికి మూడు అర్థాల్లో ఏది తగులుతుందో మన చేతిలో ఉండదు.

నీ 14వ పేజీలోనే చూడు. ఈ మెషిన్‌ని ఒక్క మనిషి సేఫ్‌గా నడపవచ్చు అని ఇంగ్లీషులో ఉంటే నువ్వు సికురమెంతే అని పెట్టావు. ఇటాలియన్ చెవికి అది తప్పకుండా, కచ్చితంగా అని వినిపిస్తుంది. అంటే ఒక్కడైనా తప్పకుండా నడిపేయగలడు అని రాసినట్టయింది! ప్రమాదం లేకుండా అన్న ముక్క మొత్తం ఎగిరిపోయింది. అక్కడ ఇన్ సికురెత్సా అని రాయాలి. ఫైలు మొత్తంలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదొక్కటే, ఎందుకంటే అది చదివి ఆ మెషిన్ ముందు నిలబడేవాడు ఎవరో ఒకరు ఉంటారు.

ఇన్నేళ్ళ నుంచి నేను చేస్తున్నది ఒకటి చెప్తాను. ఇంగ్లీషు వాక్యాన్ని ఇటాలియన్‌లోకి దించే ముందు మనసులో ఒక్కసారి తెలుగులో అనుకో. మనకి ఈ విషయంలో మాటలు విడివిడిగా ఉన్నాయి, అదే మన అదృష్టం. ఊరికి సేఫ్‌గా చేరాడంటే మనకి క్షేమంగా అని వస్తుంది, అప్పుడు ఇటాలియన్‌లో సానో ఎ సాల్వో, ఆడమనిషైతే సానా ఎ సాల్వా. నగలు సేఫ్ ప్లేస్‌లో పెట్టమంటే భద్రంగా అని వస్తుంది, అప్పుడు అల్ సికూరో. సేఫ్‌గా డ్రైవ్ చెయ్యమంటే మనం జాగ్రత్తగా అంటాం, వాళ్ళు కోన్ ప్రుదెంత్సా అంటారు. మూతని నాలుగు స్క్రూలతో సెక్యూర్ చెయ్యమంటే మన నోటికి బిగించు అనే వస్తుంది కదా, అక్కడ ఫిస్సారే రాయి. అస్సికురారేకి బిగించి కట్టడం అనే అర్థం లేకపోలేదు, లారీలో లోడుని బెల్టులతో కట్టేటప్పుడు వాడతారు, కానీ మూతకీ స్క్రూలకీ ఫిస్సారే సహజం. ఇక ఖాయంగా అని వస్తే ది సికూరో. అల్ సికూరోకీ ది సికూరోకీ ముందున్న చిన్న ముక్క ఒక్కటే తేడా, అర్థం మాత్రం భద్రం నుంచి ఖాయానికి మారిపోతుంది.

నాకు దెబ్బ తగిలి నేర్చుకున్నది కూడా చెప్పాలి. ఒక కంపెనీ ఉద్యోగ ప్రకటనలో సెక్యూర్ జాబ్ అని ఉంటే లవోరో సికూరో అని రాసిచ్చాను. వాళ్ళు చెప్పదలుచుకున్నది ఊడిపోని ఉద్యోగం అని. ఇక్కడ ఇటలీలో లవోరో సికూరో అంటే ముందు గుర్తొచ్చేది ప్రమాదాలు లేని పని. 2008లో వచ్చిన 81వ నంబరు డిక్రీ, కార్మికుల భద్రత చట్టం, ప్రతి ఫ్యాక్టరీలోనూ నలిగే మాట. ఫోన్ చేసినవాళ్ళందరూ మెషిన్ల గురించీ, ట్రైనింగ్ గురించీ అడిగారట. పోస్తో ఫిస్సో అని రెండు ముక్కలు రాసుంటే సరిపోయేది. ఆ కంపెనీ మళ్ళీ నాకు పని ఇవ్వలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సేఫ్టీ, సెక్యూరిటీ పక్కపక్కనే వస్తే ఏం చెయ్యాలని అడిగావు. ఇటాలియన్ ప్రభుత్వానికే ఆ ఇబ్బంది వచ్చింది. 2017 జూన్ 3న మా తోరినో ఊళ్ళోనే, పియాత్సా సాన్ కార్లో అనే కూడలిలో, యువెంతుస్, రియల్ మాడ్రిడ్ ఫుట్‌బాల్ ఫైనల్ పెద్ద తెర మీద చూస్తున్న జనంలో తొక్కిసలాట జరిగింది. 1,500 మందికి పైగా గాయపడ్డారు, ప్రాణాలు కూడా పోయాయి. నాలుగు రోజులకి, జూన్ 7న, పోలీసు ప్రధానాధికారి ఫ్రాంకో గాబ్రియెల్లి పంపిన సర్క్యులర్‌లో ఇటాలియన్ వాక్యాల మధ్య సేఫ్టీ, సెక్యూరిటీ అని ఇంగ్లీషు మాటలనే ఉంచేశారు. దారులు, గేట్లు, ఎంతమంది పట్టాలి, ఇవన్నీ సేఫ్టీ. పోలీసుల బందోబస్తు సెక్యూరిటీ. కాబట్టి రెండూ ఒకే వాక్యంలో వచ్చి, తేడా అవసరమైతే, నువ్వు కూడా అలాగే ఉంచు, ఎవరూ తప్పు పట్టరు. విడిగా వస్తే మాత్రం సికురెత్సా చాలు, చుట్టూ ఉన్న మాటలే అర్థం చెప్తాయి.

మిగతా చాలా చోట్ల అసలు సికూరో కుటుంబం మాటే రాదు. సేఫ్టీ షూస్‌ని స్కార్పె అంతిఇన్‌ఫోర్తునిస్తికె అంటారు, ప్రమాదాల్ని ఆపే బూట్లు అని. డిష్‌వాషర్ సేఫ్ అంటే లవాబిలె ఇన్ లవస్తొవిల్యె, అందులో కడగవచ్చు అని, అంతే. ఇనప్పెట్టె కస్సఫోర్తె. ఫైల్ సేవ్ చేస్తే సల్వారే, కరెంటో డబ్బో సేవ్ చేస్తే రిస్పర్మియారే, గోల్‌కీపర్ సేవ్ చేస్తే పరారే. సేఫ్టీ పిన్‌ని మనం పిన్నీసు అన్నట్టే వాళ్ళకి స్పిల్లా ద బాలియా ఉంది, దాది పిన్ను అని అర్థం, ఎంత బాగుందో చూడు.

నీ మాన్యువల్‌లో చెయ్యి లోపలికి పోకుండా ఉండే గార్డ్ చాలాసార్లు వచ్చింది. దానికి గ్వార్దియా కాదు, రిపారో. నా మాట మీదే ఆధారపడకు, యూరోపియన్ యూనియన్ మెషిన్ల డైరెక్టివ్ 2006/42 ఇంగ్లీషు, ఇటాలియన్ పాఠాలు వాళ్ళ చట్టాలుండే యూర్‌లెక్స్ సైట్‌లో పక్కపక్కనే పెట్టుకుని చదువు. ఒక వారం రోజూ గంట చదివితే సగం సందేహాలు తీరిపోతాయి.

14వ పేజీ వాక్యం మాత్రం ఈ రోజే మార్చి క్లయింటుకి పంపించు. మిగతావి ఆదివారం ఫోన్ చెయ్యి, పేజీ పేజీ తిప్పుతూ చూద్దాం.

మీ పెద్దమ్మ