సిబిల్‌లో 'సెటిల్డ్' అని పడింది, తీయించుకోవచ్చా?

ప్రశ్న: ఉద్యోగం పోయిన రోజుల్లో క్రెడిట్ కార్డు బిల్లులు కట్టలేకపోయాను. 92 వేల బాకీకి 2021లో బ్యాంకుతో మాట్లాడుకుని 45 వేలు ఒకేసారి కట్టి సెటిల్ చేసుకున్నాను. వేరే ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్న పర్సనల్ లోన్ మాత్రం 2022లో పూర్తిగా తీర్చేశాను, బాకీ లేదని వాళ్లిచ్చిన ఎన్‌ఓసీ కూడా ఉంది. ఇప్పుడు హోం లోన్‌కి వెళితే స్కోరు 611 ఉందని తిరగ్గొట్టారు. రిపోర్టులో కార్డు 'సెటిల్డ్' అని, పర్సనల్ లోన్ ఇంకా 3,540 రూపాయలు ఓవర్‌డ్యూ (గడువు దాటిన బాకీ) అని ఉంది. మూడేళ్లు దాటిన బాకీ రిపోర్టులో ఉండకూడదని, 20 వేలిస్తే రెండూ తీయించేస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. లీగల్ నోటీసు ఇవ్వమంటారా?

జవాబు: ఏజెంటుకి రూపాయి కూడా ఇవ్వకండి. నోటీసు సంగతి తర్వాత చూద్దాం. మీ రిపోర్టులోని రెండు పద్దులూ చట్టం దృష్టిలో వేర్వేరు. పర్సనల్ లోన్ పద్దు తప్పు, దాన్ని దిద్దించుకోవడం మీ హక్కు. కార్డు పద్దు నిజం. జరిగినదాన్ని జరగలేదని రాయించే హక్కు ఎవరికీ లేదు.

ముందు తప్పు పద్దు చూద్దాం. క్రెడిట్ సమాచార కంపెనీల (నియంత్రణ) చట్టం, 2005లోని సెక్షన్ 21 ప్రకారం, తప్పు సమాచారాన్ని సరిచేయమని మీరు కోరిన 30 రోజుల్లోగా సిబిల్‌లాంటి క్రెడిట్ సమాచార కంపెనీగానీ, అప్పిచ్చిన సంస్థగానీ చర్య తీసుకోవాలి. అయితే అదే సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతోంది: ఆ దిద్దుబాటు సరైనదేనని అప్పిచ్చిన సంస్థ ధ్రువీకరిస్తే తప్ప సిబిల్ ఏ మార్పూ చేయకూడదు. ఏజెంటు 'లోపల మనుషులున్నారు' అన్నా లాభం లేకపోవడానికి కారణం ఇదే. వాళ్లు చేసేదల్లా మీ పేరుతో ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్, అంటే పద్దు తప్పన్న అభ్యంతరం, పెట్టడం. అది మీరే ఉచితంగా పెట్టుకోవచ్చు.

పెట్టేముందు రిపోర్టులో ఆ లోన్ ఉన్న పెట్టెను నిదానంగా చదవండి. 'డేట్ క్లోజ్డ్' ఖాళీగా ఉందా? 'డేట్ రిపోర్టెడ్' ఏ నెల చూపిస్తోంది? అది 2022లోనే ఆగిపోయి ఉంటే, మీరు లోన్ తీర్చాక ఆ కంపెనీ వివరాలు పంపడం మానేసిందన్నమాట. ఇటీవలి తేదీ ఉంటే మాత్రం వాళ్ల లెక్కల్లో నిజంగానే ఏదో మిగిలి ఉంది. 3,540 లాంటి చిల్లర మొత్తం ఎక్కువగా ఈఎంఐ బౌన్స్ చార్జీలాంటిది అయి ఉంటుంది. అందుకని ముందు ఆ కంపెనీ నుంచి లోన్ స్టేట్‌మెంట్ తెప్పించుకోండి. ఎన్‌ఓసీ ఇచ్చాక కూడా చార్జీ చూపిస్తుంటే ఆ ఎన్‌ఓసీయే మీకు ఆధారం. చిన్న మొత్తమేగా అని కట్టేస్తే, అప్పటిదాకా బాకీ ఉందని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. పైగా నెలల వరుసలో పడిన డీపీడీ అంకెలు, అంటే ఎన్ని రోజులు ఆలస్యమైందో చూపేవి, అలాగే ఉండిపోతాయి. డిస్ప్యూట్‌లో బ్యాలెన్స్‌తో పాటు ఆ నెలల డీపీడీ కూడా సరిచేయమని విడిగా రాయండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఫిర్యాదును కంపెనీకి, సిబిల్‌కి రెండుచోట్లా ఇవ్వండి. ఎన్‌ఓసీ, చివరి చెల్లింపు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి. మీ ఈమెయిల్, బ్యాంకు ఖాతా వివరాలు కూడా రాయండి. 2023 అక్టోబరులో ఇచ్చిన ఆదేశాల్లో రిజర్వు బ్యాంకు, ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలంది. ఇది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. స్కోరు ఎలా లెక్కగట్టారన్న తగాదాకి మాత్రం ఈ పరిహారం వర్తించదు. అందుకే 'స్కోరు పెంచండి' అని రాయొద్దు, 'ఫలానా ఖాతాలో ఫలానా వివరం తప్పు' అని రాయండి. సిబిల్‌లాంటివే అయిన ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ రిపోర్టులు కూడా చూసుకోండి. ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఈ నాలుగూ ఉచితంగా ఇవ్వాలి.

30 రోజులు గడిచినా పని కాకపోతే ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, ఆ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటైన సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు. వకీలు ద్వారా పెట్టే ఫిర్యాదు తీసుకోరు కూడా, కాబట్టి మాలాంటి వకీళ్లకిచ్చే ఫీజు మిగిలినట్టే. కోర్టుకి తొందరపడొద్దనడానికి ఇంకో కారణం ఉంది. వివాదం కోర్టులోగానీ మధ్యవర్తి ముందుగానీ నడుస్తున్నంతకాలం సిబిల్ ఆ పద్దును దిద్దకూడదని సెక్షన్ 21లోనే ఉంది. అప్పిచ్చినవాళ్ల పుస్తకాల్లో ఏముంటే అదే చెల్లుతుంది.

ఇక కార్డు. దీనిమీద డిస్ప్యూట్ పెడితే 'సరిగానే ఉంది' అని తిరిగొస్తుంది. 92కి 45 తీసుకుని బ్యాంకు ఒప్పుకుంది కాబట్టి, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 63 కింద మిగిలిన 47 వేల కోసం మీమీద దావా వేయలేదు. కానీ 'సెటిల్డ్' పోయి 'క్లోజ్డ్' కావాలంటే ఆ 47 వేలు మీరు స్వచ్ఛందంగా కట్టడమొక్కటే దారి. బ్యాంకు పుచ్చుకోవాలన్న నిర్బంధం లేదు, అయినా అడిగితే ఒప్పుకునేవాళ్లున్నారు. కట్టాక కాదు, కట్టకముందే లిఖితపూర్వకంగా మూడు విషయాలు తీసుకోండి: కట్టాల్సిన కచ్చితమైన మొత్తం, అది అందాక స్టేటస్ 'క్లోజ్డ్' అని నాలుగు సంస్థలకూ పంపుతామన్న హామీ, నో డ్యూ సర్టిఫికెట్ ఇస్తామన్న మాట. ఫోన్లో చెప్పిన మాట పనికిరాదు. బాకీని ఏదైనా ఏఆర్‌సీకి (మొండి బాకీలు కొనే కంపెనీకి) అమ్మేసి ఉంటే బ్యాంకుకి కట్టి ప్రయోజనం లేదు. ముందు ఎవరి పేరున ఉందో తేల్చుకోండి. ఇంకో మాట, అందులో మళ్లీ తగ్గింపు అడగొద్దు. తగ్గించారంటే మళ్లీ సెటిల్‌మెంటే.

మూడేళ్ల మాటకి వస్తే, లిమిటేషన్ చట్టం దావా వేసే గడువు గురించి చెబుతుందే తప్ప రిపోర్టు గురించి కాదు. సిబిల్‌లాంటి క్రెడిట్ సమాచార కంపెనీలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచుతాయి. అసలేమీ కట్టని పాత అప్పులున్నవాళ్లకి ఇక్కడో హెచ్చరిక: గడువు దాటిన బాకీని తీరుస్తానని రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది కొత్త ఒప్పందమవుతుంది, దావాకి మళ్లీ తలుపు తెరుచుకుంటుంది. రికవరీ ఏజెంట్లు తెచ్చే కాగితాలు చదవకుండా సంతకం చేయకండి.

స్కోరు పెరగడానికి కొత్త చరిత్ర కావాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకోండి, పాత సెటిల్‌మెంట్ ఉన్నా చాలా బ్యాంకులు ఇస్తాయి. లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడి, పూర్తి బిల్లుకి ఆటో డెబిట్ పెట్టండి. మినిమం డ్యూ కడితే ఆలస్యం పడదుగానీ వడ్డీ పేరుకుపోతుంది. ఈలోగా హోం లోన్‌కి నాలుగు బ్యాంకుల్లో దరఖాస్తులు పడేయకండి, ప్రతిదీ ఎంక్వయిరీగా రిపోర్టులోకి ఎక్కుతుంది. మీ రిపోర్టు మీరే చూసుకుంటే స్కోరు తగ్గదు.

లోన్‌కి కనీస స్కోరు ఇంత ఉండాలని రిజర్వు బ్యాంకు నియమమేమీ పెట్టలేదు, అది ఆయా బ్యాంకుల నిర్ణయం. తప్పు పద్దు సరయ్యాక కొత్త రిపోర్టు, సెటిల్‌మెంట్ లెటర్, ఉద్యోగం పోయిన కాలానికి ఆధారాలు పట్టుకుని మేనేజర్‌ని కలవండి. భార్యనో భర్తనో కో-అప్లికెంట్‌గా చేర్చే ఉద్దేశముంటే వాళ్ల రిపోర్టు కూడా ముందే చూసుకోండి.