‘బాగుంది’ అన్నాక ఏం చెప్పాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్లం ఆరుగురం పదిహేను రోజులకోసారి కలిసి, రాసుకున్న కథలు చదువుకుంటున్నాం. ఎవరు చదివినా ‘చాలా బాగుంది’ అంటాం, కాఫీ తాగి లేస్తాం. ఒకసారి ఒకాయన వరసగా తప్పులు పట్టేసరికి రాసినావిడ మానేసినంత పని చేశారు. మధ్యేమార్గం లేదా? – ఒక గృహిణి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ‘బాగుంది’ అన్నవాళ్లూ, తప్పులు పట్టినాయనా చేసింది ఒకటే, మార్కులు వేయడం. రాసినవాళ్లకు మార్కులతో పని లేదు. చదువుతుంటే మీకు ఎక్కడ ఏమైందో తెలియాలి. ‘అత్తగారి పాత్ర బలంగా లేదు’ అన్నది తీర్పు. ‘రెండో పేజీలో సుశీల అత్తగారో ఆడపడుచో తెలియక వెనక్కెళ్లి మళ్లీ చదివాను’ అన్నది కబురు. కబురుకు ఎవరూ అలగరు, పైగా ఆ రాత్రే కూర్చుని సరిచేసుకోవచ్చు.

ఆరుగురికి రెండు గంటల్లో రెండు కథలే పెట్టుకోండి. వెయ్యి మాటలు దాటకూడదు, నాలుగు రోజుల ముందే అందరికీ అందాలి. అప్పటికప్పుడు విని చెప్పమంటే గొంతు బాగున్నవాళ్ల కథే గెలుస్తుంది. వరసల మధ్య చోటు వదిలి ప్రింటు తీసుకోండి. నచ్చిన చోట పక్కన నిలువు గీత, ఆగిపోయిన చోట ప్రశ్నార్థకం, పెన్సిల్‌తో. అంతకన్నా గుర్తులు వద్దు.

కలిసిన రోజు కథను రాసినవాళ్లు కాకుండా ఇంకొకరు పైకి చదవాలి. వెయ్యి మాటలకు పది నిమిషాలు పడుతుంది. చదివేవాళ్ల నాలుక ఎక్కడ తడబడిందో రాసినవాళ్ల చెవికి అప్పుడే తెలుస్తుంది. తరవాత మిగతా ఐదుగురూ తలా నాలుగు నిమిషాలు మాట్లాడాలి. ముందు గుర్తుండిపోయింది, తరవాత జారిపోయింది. అంతసేపూ రాసినవాళ్లు నోరు విప్పకూడదు. ‘నా ఉద్దేశం ఏంటంటే’ అని మొదలుపెట్టారంటే వినేవాళ్లు కాగితాన్ని వదిలేసి ఆ ఉద్దేశానికి తలూపుతారు. రేపు పత్రికలో చదివేవాళ్ల పక్కన రచయిత కూర్చుని ఉండరు కదా! చివరి పది నిమిషాలు రాసినవాళ్లవి. సంజాయిషీలు కాదు, ప్రశ్నలు అడగాలి. ఇలా కథకు నలభై నిమిషాలు. మిగిలిన నలభైలో పది నిమిషాల చిన్న రాత, కాఫీ, కబుర్లు.

ఎక్కువగా బెడిసికొట్టేది ‘నేనైతే ఇలా రాసేవాణ్ణి’ అన్న మాట దగ్గర. మంచి మనసుతోనే అంటారు, కానీ కొన్నాళ్లకే అందరి కథలూ ఒకే చేత్తో రాసినట్టు తయారవుతాయి. ముగింపు ఇలా మార్చమని ఒకరు, అలా మార్చమని ఇంకొకరు అంటుంటే, సాధారణంగా రోగం ముగింపులో ఉండదు, అంతకు రెండు పేజీల ముందు ఉంటుంది. ఒక్కరు ఆగిపోతే ఆ రోజు వాళ్ల ధ్యాస వేరే ఉందేమో. ముగ్గురు ఒకే వాక్యం దగ్గర ఆగితే ఆ వాక్యాన్ని పట్టుకోండి.

ఉదాహరణకు ‘ఆ వార్త విని రమణ చాలా బాధపడ్డాడు’ అన్నచోట ముగ్గురు ప్రశ్నార్థకం పెట్టారనుకోండి. ‘రమణ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. స్టవ్ మీద పాలు పొంగి గట్టు మీదికి కారుతున్నాయి. చూస్తూ నిలబడ్డాడు’ అని రాస్తే బాధ అన్న మాటతో పని లేదు. అలాగని ప్రతి వాక్యానికీ పాలు పొంగించకండి. బస్సు తప్పిపోయినందుకు ‘విసుక్కున్నాడు’ అంటే చాలు.

ప్రశ్న: మాది హిందూపురం పక్క. నా కథలో ‘వస్తాండాడు’, ‘పోయినాడు’ అని రాస్తే మా బృందంలో ఇద్దరు ‘వస్తున్నాడు’, ‘పోయాడు’ అని దిద్దేస్తున్నారు. కన్నడ మాటలు కూడా తీసేయమంటున్నారు. – ఒక పాఠకుడు, యలహంక, బెంగళూరు

జవాబు: దిద్దనివ్వకండి. వాళ్లు అర్థం కాలేదంటే వినాలి, యాస మార్చమంటే వినక్కర్లేదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గిరీశం ఎవరో మనకు తెలిసేదే అతని ఇంగ్లీషు కలిసిన మాటలో.

మీరు చూసుకోవలసింది వేరే ఉంది. కథ చెప్పే గొంతు ఒక పేరాలో ‘పోయినాడు’ అని, తరవాతి పేరాలో ‘పోయాడు’ అంటోందా? రెండు రంగుల పెన్సిళ్లతో గీసి చూడండి. కథనం మామూలు తెలుగులో, సంభాషణ యాసలో ఉండొచ్చు. రెండూ యాసలోనే ఉన్నా సరే. కథనంలోనే కలగాపులగమైతే ఎవరు చెబుతున్నారో పాఠకుడికి పట్టు దొరకదు.

కన్నడ మాటకు పక్కన అర్థం రాయకండి, జవాబులోనే తెలిసిపోవాలి. ‘ఓనరమ్మ గేటు దగ్గర ఆపి, ఊట ఆయ్తా? అనింది. ఇంకా లేదమ్మా, కుక్కర్ ఇప్పుడే పెట్టినా.’ కన్నడం రానివాళ్లకూ ఇక్కడ అడ్డేమీ లేదు.

ప్రశ్న: ఒకరు పంపిన ఫైలు ఇంకొకరి ఫోన్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తోంది. ఎందుకు? – ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: పంపినవాళ్లు డీటీపీ సెంటర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో టైపు చేయించి ఉంటారు. అది ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్ పద్ధతి కాదు, ఆ ఫాంటు లేని చోట తెలుగు అక్షరాలు కనబడవు. చదవడానికైతే పీడీఎఫ్ చేసి పంపమనండి, దిద్దుకోవాలంటే మాత్రం యూనికోడ్‌లోనే కావాలి. అందుకు ఫోన్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డు, జీబోర్డ్ చాలు. మాట్లాడి టైపు చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అది యాస మాటను తనకు తెలిసిన మాటగా మార్చేస్తుంది, సంభాషణకు కొటేషన్ గుర్తులు పెట్టదు. పంపేముందు ఒకసారి పైకి చదువుకుంటే ఇవన్నీ దొరుకుతాయి.

ప్రశ్న: మా బృందంలో ఎనిమిదిమందిమి. ఇంకో ఆరుగురు చేరతామంటున్నారు. ఇంట్లో చోటు చాలదు, కబ్బన్ పార్కులో కలవొచ్చా? – ఒక పాఠకుడు, జయనగర్, బెంగళూరు

జవాబు: పార్కు బాగానే ఉంటుంది, పొద్దున పూట పెట్టుకోండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో సాయంత్రం వానకు కాగితాలు తడుస్తాయి. అక్కడే 1915 నాటి శేషాద్రి అయ్యర్ హాల్లో లైబ్రరీ ఉంది కానీ చదువుకునే చోట మన చర్చలు కుదరవు.

పద్నాలుగుమంది మాత్రం వద్దు. పదిహేను రోజులకోసారి రెండు కథల చొప్పున ఒక్కొక్కరి వంతు మళ్లీ రావడానికి మూడు నెలలు దాటుతుంది. ఈలోపు రాసే అలవాటే పోతుంది. ఏడుగురేసి రెండు జట్లు చేయండి. పాతవాళ్లు నలుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు ఉంటే పద్ధతి రెండుచోట్లా నిలుస్తుంది. కొత్తగా చేరినవాళ్లు మొదటి రెండుసార్లు తమ కథ తేకుండా, ఇతరుల కథలకు పెన్సిల్ గుర్తులే పెట్టాలి.